ఝాన్సీకి రెండుసార్లు చెప్పాలి

ఝాన్సీకి ఏ మాటైనా ఒక్కసారి చెబితే సరిపోదు. "ఏటీ? ఇంకోపాలి సెప్పు" అంటుంది. అన్నానికి రమ్మన్నా అంతే, ఇంటికి నిప్పంటుకుందన్నా అంతే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. బిల్హా నుంచి లోకల్లో వచ్చే కూరగాయల ఆవిడ కూడా వాళ్ళ క్వార్టర్ ముందుకొచ్చేసరికి ప్రతి కూర పేరూ రెండేసిసార్లు అరిచేది.

ఈ అలవాటుతో తల్లి నీలవేణికి గొంతు అరిగిపోయింది. ఓసారి ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పంతులుగారు కథ ముగించి కొబ్బరికాయ అందుకుంటున్నారు. పన్నెండేళ్ళ ఝాన్సీ లేచి, "పంతులుగారూ, ఆ షావుకారు పడవలో సరుకేటయిపోనాదన్నారు? ఇంకోపాలి సెప్పండి, గట్టిగా" అంది. ఆయన మురిసిపోయి, ఈ కాలంలో ఇంత భక్తి ఎక్కడుందంటూ కథంతా మొదటినుంచి ఎత్తుకున్నారు. ప్రసాదం కోసం కాచుకున్న చుట్టాలు గోడలకు జారబడిపోయారు. తండ్రి చిన్నారావు మాత్రం రెండోసారి చెప్పిన కథను కళ్ళింతలు చేసుకుని విన్నాడు.

చిన్నారావుది రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో ఉద్యోగం, ముప్పై ఏళ్ళ సర్వీసు. షెడ్‌లో అరిచి అరిచి ఇంట్లోనూ అరిచే మాట్లాడతాడు. అయితే మాట్లాడేది తక్కువ. పాలు విరిగిపోయాయంటే "అచ్ఛా" అంటాడు. మీ తమ్ముడు కాలు విరగ్గొట్టుకున్నాడంటే చిరునవ్వుతో "అచ్ఛా" అంటాడు. పెళ్ళాం మాట మొగుళ్ళందరూ ఇలాగే వింటారని నీలవేణి ఎప్పుడో సరిపెట్టుకుంది.

డిగ్రీ అయ్యాక ఝాన్సీ సినిమా కాలేజీలో చేరతానంది. అదీ సౌండు చదువుతుందట. నీలవేణికి నవ్వాగలేదు.

"సెవిటి మేళానివి, నీకు సౌండు సదువేటే!"

విచిత్రంగా ఆ ఒక్క మాటనూ ఝాన్సీ మళ్ళీ చెప్పమనలేదు.

కోల్‌కతాలో ఆ కాలేజీలో చేరినా అలవాటు మారలేదు. ప్రతి ఆదివారం ఫోను చేసి, స్పీకర్లో పెట్టమనేది. వీధిలో పెళ్ళిళ్ళు, క్వార్టర్ కప్పు కారడం, పక్కింటి మేక తులసి కోట మీదికెక్కడం, నీలవేణి అన్నీ రెండేసిసార్లు చెప్పేది. పిల్ల చెవులు బాగుపడాలని దేవుడికి కూడా రెండుసార్లు మొక్కుకుంది.

రెండో ఏడు ఝాన్సీ తన పది నిమిషాల సినిమా తియ్యడానికి షెడ్‌కే వచ్చింది. తోడుగా కెమెరా చదివే కరీంనగర్ పిల్ల రజిని. వారం రోజులు చిన్నారావు వెనకాలే తిరిగారు. ఆయన ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి, లోపల ఏ భాగం నలిగిపోతోందో చెప్పేస్తాడు. కుర్రాళ్ళు విప్పి చూస్తే సరిగ్గా అదే. సినిమా ఆ చెయ్యి మీదే. కాలేజీలో దానికి మొదటి బహుమతి కూడా వచ్చింది.

ఆ బహుమతి కబురుతోనే ఇద్దరూ మళ్ళీ బిలాస్‌పూర్ దిగారు. సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నీలవేణి ఏడాది కబుర్లన్నీ లాగుతోంది.

"అయితే రజినమ్మా, నీ గొంతూ అరిగిపోయుంటాదే. దీనికన్నీ రెండుసార్లు సెప్పాలి గదా."

"ఝాన్సీకా?" రజిని కళ్ళు పెద్దవి చేసింది. "గామె చెవులు మస్తు షార్ప్ ఆంటీ! మూడు రూముల అవతల ఫ్యాను కిర్రుమన్నా పట్టేస్తది. రెండోసారి అడగంగ నేనైతే ఒక్కసారి కూడ వినలే."

నీలవేణి నమ్మలేదు. చూడమన్నట్టు రజినికి సైగ చేసి, ముందు గదిలో ఉన్న మొగుణ్ణి మామూలు గొంతుతో అడిగింది. "ఏమండీ, టీ తాగుతారా?"

"అచ్ఛా" అన్నాడు చిన్నారావు.

పక్కనే ఉన్న ఝాన్సీ అంది: "ఏటమ్మా? ఇంకోపాలి!"

"టీ తాగుతారా అనడిగేనే!" నీలవేణి అలవాటుగా గొంతెత్తింది.

"ఆ! పంచదార తక్కువెయ్యి!" ముందు గదిలోంచి జవాబొచ్చింది.

కత్తిపీట మీద నీలవేణి తరుగుతున్న ఉల్లిపాయ అలాగే ఆగిపోయింది. కూతురి వైపు చూసింది. ఝాన్సీ తల వంచుకుంది.

"ఎప్పట్నుంచే?"

"అయిదో క్లాసునుంచి. స్కూల్ మీటింగులో టీచర్ నాన్నని, ఇంట్లో పిల్లని కొడతారా అనడిగింది. నాన్న నవ్వుతూ అచ్ఛా అన్నాడు. సబ్ హఁస్ దియే, అందరూ నవ్వేశారు. ఇంటికొచ్చేవరకూ నాన్న తలెత్తలేదు." ఝాన్సీ గొంతు తగ్గించింది. "షెడ్ సప్పుడుకి సెవులు పోనాయి. తనకి వినపడట్లేదని ఎవరికీ తెలీకూడదని నాన్న తాపత్రయం. నాకు వినపడలేదంటే తప్పేటి? నన్ను సూసి నవ్వుకోనీ."

ఇరవయ్యేళ్ళుగా చెప్పింది చెవిన పెట్టడని మొగుణ్ణి ఎన్ని తిట్టిందో నీలవేణికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అదృష్టం, వాటిలో సగం ఆయనకు వినపడలేదు.

ఆదివారం సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో సినిమా వేస్తామని తెలుగు సంఘం సెక్రటరీ గిరిబాబు కబురు పంపాడు. చిన్నారావు రానన్నాడు. డ్యూటీ ఉందన్నాడు. ఆ రోజు ఆయనకు సెలవని ఇంట్లో అందరికీ తెలుసు.

"నాన్నా, ఇందులో ఒక్క మాటా లేదు. ఇంజన్ సప్పుడే" అంది ఝాన్సీ.

ఆయన ఇస్త్రీ చొక్కా తీశాడు.

హాలు నిండింది. ఝాన్సీ పెద్ద స్పీకర్లు నేలకు ఆనించి పెట్టింది. తెర మీద చిన్నారావు చెయ్యి ఇంజన్ మీద ఆనగానే కుర్చీలన్నీ సన్నగా వణికాయి. ముందు వరసలో ఆయన అరచెయ్యి మెల్లగా కుర్చీ చేతి మీద పరుచుకుంది. "కంప్రెసర్" అన్నాడు, హాలంతా వినపడేట్టు. చప్పట్లు మోగిపోయాయి.

సినిమా అయ్యాక గిరిబాబు ఆయన్ని వేదిక మీదికి లాక్కెళ్ళి మైకులో గబగబా అడిగాడు. "చిన్నారావుగారూ, కూతురి సినిమా చూస్తే మీకేమనిపించింది?"

చిన్నారావు మొహంలోకి ఆ పాత చిరునవ్వు వచ్చేసింది. నోరు తెరవబోయాడు. ఝాన్సీ లేచేలోపే ముందు వరసలో నీలవేణి నిలబడింది.

"గిరిబాబుగారూ, ఏటన్నారు? నాకు వినపడనేదు. ఇంకోపాలి, ఆయనకేసి తిరిగి, మెల్లగా సెప్పండి!"

"తల్లి పోలికే వచ్చిందన్నమాట పిల్లకి" అని వెనకెవరో నవ్వారు. గిరిబాబు ఆయన వైపు తిరిగి ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

చిన్నారావు మైకు పుచ్చుకున్నాడు. "నాను ముప్పై ఏళ్ళు ఇంజన్లు ముట్టుకుని సూసేను. నా కూతురు పది నిమిషాల్లో మీ అందరిసేతా ముట్టించీసింది. మా షెడ్‌లో ఇంత పనిమంతుడు ఇంకా పుట్టనేదు!"

హాలు దద్దరిల్లింది. నీలవేణి పమిటతో ముక్కు తుడుచుకుని, వెనక్కి తిరిగి తన కూతురెవరో చూడమన్నట్టు నాలుగు వరసలనూ పరికించింది. ఆయన ఇక ఆగలేదు. మొదటి డ్యూటీలో చూసిన ఇంజన్‌తో మొదలుపెట్టాడు. దాని జబ్బు, దాని మందు, దాని మీద చెయ్యి కాల్చుకున్న సంగతి, అక్కడినుంచి రెండో ఇంజన్.

మూడో ఇంజన్ షెడ్‌లోకి వచ్చేసరికి గిరిబాబు వెనకనుంచి గొణిగాడు. "చిన్నారావుగారూ, టైమైపోయింది. సమోసాలు చల్లారిపోతున్నాయి."

"అచ్ఛా" అని చిన్నారావు నాలుగో ఇంజన్ అందుకున్నాడు.

గిరిబాబు ఆశగా నీలవేణి వైపు చూశాడు. ఆవిడ కూతురి వైపు చూసింది. తల్లీకూతుళ్ళిద్దరిలో ఎవరూ ఆ మాట ఇంకోసారి చెప్పమనలేదు.