చంద్రమ్మ ఉప్పు డబ్బా

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో నా భార్య చంద్రమ్మ కర్రీ పాయింట్ నడిపింది. ఆమె చేతి ఉప్పుకు పెద్ద పేరు. మొదట ముగ్గురమే: ఆమె, నేను, యూసుఫ్‌గూడ నుంచి వచ్చే బతూల్. తొంభై భోజనాలు పదకొండింటికల్లా డబ్బాల్లోకి ఎక్కేవి. పప్పు గిన్నె పక్కనుంచి ఎవరం పోయినా గరిటె ఎత్తి రుచి చూసి, తక్కువనిపిస్తే చిటికెడు ఉప్పు వేసేవాళ్లం. అది మా అలవాటు.

పంజాగుట్టలో ఒక లేడీస్ హాస్టల్ వాళ్లు రోజూ రెండు వందల భోజనాలు కావాలన్నారు. చంద్రమ్మ మరో ఆరుగురు ఆడవాళ్లను పెట్టుకుంది. మనుషులు మూడింతలయ్యారు గానీ పని సాగలేదు. తొమ్మిది మందీ అన్నిటికీ చెయ్యి పెట్టబోయి ఒకరికొకరు అడ్డమయ్యారు. భోజనాలు వెళ్లేసరికి ఒంటిగంట దాటింది. ఆ వెంటనే హాస్టల్ మేనేజర్ జోగారావు ఫోన్.

"ఏంటండీ చంద్రమ్మ గారూ, ఇది పప్పా, సముద్రమా? పిల్లలు నోట పెట్టలేదు. రేపు ఒక్కపూట చూస్తాను. ఇలాగే ఉంటే వేరేవాళ్లకి చెప్పుకుంటాను."

ఆర్డర్ పోతే ఆ ఆరుగురినీ పంపించెయ్యాలి. వాళ్లలో సీతాబాయి ఉన్న పని మానేసి మా దగ్గరికి వచ్చింది.

చంద్రమ్మ అందరినీ కూర్చోబెట్టింది. "పప్పుల ఉప్పు ఎవరేసిన్రు?"

నాలుగు చేతులు లేచాయి. ఐదోది నాది.

"నువ్వు సుత ఏసినవా? మస్తు చేసినవ్ పో!"

అందరూ నవ్వారు. ఆమె ఉప్పు డబ్బా తుడిచి బతూల్ ఒడిలో పెట్టింది. "రేపటి సంది ఉప్పు నువ్వొక్కదానివే ఎయ్యాలె. నేను సుత ముట్ట."

"నీ చేతి రుచికే గదక్కా జనం వస్తున్నరు!"

"ముగ్గురమున్నప్పుడు నడిసింది. ఇప్పుడు నేను అటూ ఇటూ తిరగాలె. ఉప్పేసేటోళ్లు పొయ్యి కాడ్నే నిలబడాలె."

కూరగాయలు సీతాబాయికి, అన్నం ఇద్దరికి, ప్యాకింగ్ ముగ్గురికి అప్పజెప్పింది. నన్ను భోజనాలు చేరవేసే ఆటోకు పరిమితం చేసింది.

మర్నాడు పదకొండు కాకముందే ఆటో కదిలింది. జోగారావు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. "మీ చేతి రుచి అమోఘమండీ!"

"నా చెయ్యి కాదు సార్, మా బతూల్‌ది" అంది చంద్రమ్మ, గల్లీ అంతా వినేలా.

ఏడాది తిరిగేసరికి ఆ తొమ్మిది మందిమే మూడు వందల అరవై భోజనాలు పంపేవాళ్లం. మనిషికి ముప్ఫై కాస్తా నలభై అయ్యాయి. ఆ పది ఎక్కడివో నాకు తెలుసు. తనకు పేరు తెచ్చిన పనిని ఆమె ఇంకొకరి ఒడిలో పెట్టింది.

నిరుడు చంద్రమ్మ పోయింది. పదకొండో రోజు వంట మా వాళ్లే చేశారు. పాత అలవాటుగా నేను పప్పు గిన్నె దగ్గరికి వెళ్లి గరిటె ఎత్తాను. బతూల్ నా చెయ్యి ఆపింది.

"అన్నా, జర పక్కకు జరుగు. అక్కనే ముట్టలే."

గరిటె దించాను. ఆ రోజు విస్తళ్లలో పప్పు మిగల్లేదు.