పంతొమ్మిదో తోపు

తోపు బాబాయ్‌కి ఆ పేరు పెట్టింది ఆఫీసులో కుర్రకారు. తోపంటే మొనగాడని కదా, అదేదో పొగడ్త అనుకునేరు. అంత లేదు. ఆయన పనిచేసే కంపెనీ ఫోన్లలో ఆడుకునే ఒక ఆట తయారుచేస్తుంది. అందులో ఒక గోదాము, గోదాము నిండా గదులు, ప్రతి గదిలో పెట్టెలు. ఒక బుల్లి కూలీ ఆ పెట్టెల్ని తోసుకుంటూ పోయి నేల మీద గుర్తులున్న చోట నిలబెట్టాలి. తోయడమే తప్ప లాగడం ఉండదు. ఎన్నిసార్లు తోయొచ్చో తెర పైన అంకె వేసి ఉంటుంది. ఆ ఒక్కో సారికి ‘తోపు’ అని పేరు పెట్టింది ఈయనే. పెట్టిన పాపానికి అది ఆయన నెత్తికే చుట్టుకుంది.

యాభై రెండేళ్ళ మనిషి. చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తులో, చెవుల్లో తీగలు పెట్టుకుని తలలూపే పాతికేళ్ళ పిల్లల మధ్య, గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గదులు గీస్తూ కూర్చునేవాడు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఒక పత్రికలో ఆదివారం పేజీకి అంకెల గళ్ళు, అక్షరాల గళ్ళు కట్టాడు. ఒక ఆదివారం ఆ గళ్ళు ఉండే చోట పరుపుల ప్రకటన వచ్చింది. సోమవారం ఈయన్ని ఇంటికి వెళ్ళమన్నారు. యాభై ఏళ్ళ వయసులో పజిళ్ళు కట్టేవాడికి ఉద్యోగం ఎవడిస్తాడు? వీళ్ళిచ్చారు. మహాప్రసాదం అనుకుని చేరాడు.

ఆయన్ని ఒక్కసారి కదిలిస్తే చాలు, ఈ ఆటల గురించి గంట తక్కువ కాకుండా చెప్పేవాడు. పైనుంచి ఇటుకలు రాలుతుంటే సందుల్లో ఇరికించే ఆట మంచిదే గానీ అది మనల్ని తరుముతుందనేవాడు. తుపాకీ ఆటల్లో ఓడితే తప్పు వేలిదంటాం, ఫోనుదంటాం, పక్కన అరిచినవాడిదంటాం. పెట్టెలు తోసే ఆటలో ఆ వేషాలు కుదరవు. జవాబు మొదటినుంచీ మన కళ్ళెదురుగానే పడి ఉంటుంది. ఎవరూ తొందరపెట్టరు. కాఫీ తాగొచ్చు, స్నానం చేసి రావొచ్చు. ఒక్క పెట్టె పొరపాటున మూలకి చేరిందా, ఇక దాన్ని బయటికి లాగే దారి లేదు, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాల్సిందే. అలా పదిసార్లు మొదలెట్టాక, పదకొండోసారి, ‘ఓరి దీని దుంప తెగ, ఇదా సంగతి’ అని మనలో మనమే నవ్వుకుంటామే, ఆ నవ్వు కోసం ఎంతసేపైనా కూర్చోవచ్చనేవాడు. అయితే ఒక్కటే షరతు. జవాబంటూ ఉండాలి.

ఆ షరతు ఆయన సొంతం కాదు, అక్కది. ఆయన కన్నా నాలుగేళ్ళు పెద్ద. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరూ పెళ్ళి మాట ఎత్తితే చెవిటివాళ్ళయిపోయే రకం కాబట్టి, రెండు గదుల ఇంట్లో ఒకరినొకరు సాధించుకుంటూ హాయిగా ఉండేవాళ్ళు. చిన్నప్పుడు తమ్ముడికి పలక మీద లెక్కలు ఇచ్చేది అక్కే. ఒకసారి పొరపాటున ఒక అంకె తప్పు వేసి ఇచ్చింది. జవాబు లేని లెక్క అది. వాడు మధ్యాహ్నమంతా దాంతో కుస్తీ పట్టి, అన్నానికి కూడా లేవకుండా, చివరికి తనకు బుర్ర లేదని ఏడుస్తూ వచ్చాడు. పలక చూసుకుని అక్క మొహం మాడిపోయింది. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒట్టు పెట్టింది, జన్మలో జవాబు లేని లెక్క ఎవరికీ ఇవ్వనని. వాడి చేత కూడా ఒట్టు పెట్టించింది.

అలాంటి అక్కకి ఆర్నెల్ల కిందట, తొమ్మిదో తరగతి పిల్లల ముందు, బోర్డు మీద రాస్తూ రాస్తూ చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. పక్షవాతం. అదృష్టవశాత్తూ చిన్నదే. చెయ్యి వచ్చింది, మాట వచ్చింది. ఇక బడికి వెళ్ళొచ్చని డాక్టరు కూడా చెప్పాడు. అక్కే ఒప్పుకోలేదు.

“చెయ్యి సంగతి కాదురా నా భయం, లోపలిది” అని కణత మీద తట్టుకుంది. “నేను బోర్డు మీద తప్పు వేసినా పిల్లలు నోట్సులో దింపేసుకుంటారు. టీచరు వేసింది కదా అని నమ్ముతారు. అది తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది.”

ఒకటో తారీకుతో సెలవు అయిపోతుంది. ఆలోగా బడిలో చేరాలి, లేదా రాజీనామా ఇవ్వాలి. అందుకని తనకి తనే ఒక పరీక్ష పెట్టుకుంది. తమ్ముడు కట్టిన గదులు మొత్తం నూట పన్నెండు. అన్నీ గెలిస్తే బడికి. ఒక్కటి మిగిలినా రాజీనామా.

“సాయం చేశావంటే వీపు విమానం మోత మోగిస్తా” అని తమ్ముడికి ముందే చెప్పింది.

బాబాయ్ సంబరానికి అంతు లేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క కిటికీ పక్కన కుర్చీలో, ఒళ్ళో రూళ్ళ నోటుబుక్కు, చేతిలో ఫోనుతో ఉండేది. ఆడిన ప్రతి ఆటా తేదీతో సహా రాసుకునేది. నలభయ్యో గది గెలిచిన రోజున పిల్లలా నవ్వింది. ఎనభై దాటింది, వంద దాటింది. నూట పదకొండు దాటిన రోజున బడికి కట్టుకెళ్ళే నేత చీరలు బయటికి తీసి ఇస్త్రీకి ఇచ్చింది. ఆ ఇస్త్రీ మూట చూశాక బాబాయ్‌కి ఆ రాత్రి ముద్ద దిగలేదు.

ఎందుకంటే, నూట పన్నెండో గదికి జవాబు లేదు.

కట్టినప్పుడు ఉంది. పంతొమ్మిది తోపుల్లో తేలే గది అది. అంతకు తగ్గదని తేల్చుకోవడానికి ఆయనకే నాలుగు రోజులు పట్టింది. ఆడేవాళ్ళకి కాస్త ఊపిరాడాలని ఇరవై రెండు ఇచ్చాడు. రెండు నెలల కిందట మేనేజరు వచ్చి కుర్చీ పక్కకి లాక్కుని కూర్చున్నాడు. ఈయనలో సగం వయసు, మంచి పెర్ఫ్యూమ్ వాసన.

“అంకుల్, నూట పన్నెండులో అందరూ గెలిచేస్తున్నారు. పద్దెనిమిది చేయండి.”

“పద్దెనిమిదికి రాదు బాబూ. అసలు రాదు.”

“అదే కదా అంకుల్ మనకి కావలసింది. దగ్గరికొచ్చి ఆగిపోతారు. ఇరవైసార్లు ఓడాక డబ్బు కట్టి ఇంకో తోపు కొనుక్కుంటారు.”

“అది మోసం కదయ్యా.”

“వాళ్ళు సరదాకి ఆడుకుంటున్నారు అంకుల్. ఎవరికేం నష్టం?”

బాబాయ్ పెన్సిలు కింద పెట్టాడు. పరుపుల ప్రకటన గుర్తొచ్చింది. తర్వాత తన చేత్తోనే ఇరవై రెండు కొట్టేసి పద్దెనిమిది వేశాడు. సిగ్గుపడ్డాడా అంటే పడ్డాడు. మానేశాడా అంటే మానలేదు. అక్క పరీక్ష పెట్టుకున్నప్పుడైనా నోరు విప్పాడా? లేదు. అంత దూరం రాదులే, వచ్చేలోగా ఏదో ఒకటి చేద్దాంలే అనుకున్నాడు. ఇలాంటి పెద్దమనుషులు ఎంతమంది లేరు.

అక్క నూట పన్నెండో గది తలుపు దగ్గర మూడు వారాలు కూర్చుంది. తోపు కొనుక్కోమని ఫోను అడిగిన ప్రతిసారీ వేలితో దాన్ని అవతలికి నెట్టేసేది. కొనుక్కుంటే అది గెలుపెలా అవుతుందనేది. మొదటి వారం నవ్వుతూ ఓడింది. రెండో వారం మాటలు తగ్గాయి. మూడో వారం ఒక సాయంత్రం ఫోను బోర్లించి పెట్టి అంది:

“ఎటునుంచి వచ్చినా పంతొమ్మిదే అవుతోందిరా. ఆ ఒక్కటి ఎక్కడ తగ్గించాలో నాకు కనబడటం లేదు. పోయిందేమో ఆ చూపు.”

బాబాయ్ నాలుగు రోజులు తలబద్దలుకొట్టుకుని తేల్చిన సంగతి ఆవిడ కుర్చీలో కూర్చునే తేల్చేసింది. ఆ బుర్రకి ఏమీ కాలేదు. లోకంలో ఆ మాట ఆవిడకి చెప్పగలిగినవాడు ఒక్కడే, వాడు ఎదురుగా నిలబడి చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు.

“కాస్త ఓపిక పట్టు అక్కా” అన్నాడు. అదీ ఆయనగారు చెప్పిన మాట.

మర్నాడు ఆఫీసులో మేనేజరు భోజనానికి వెళ్ళిన సందు చూసి పద్దెనిమిదిని పంతొమ్మిది చేశాడు. ఒక్క అంకె, ఎవరి కంటా పడదు. శనివారం మార్పులన్నీ కలిపి ఆట అందరి ఫోన్లలోకీ దానంతటదే వెళ్తుంది. ఆదివారం అక్క గెలుస్తుంది. మంగళవారం ఒకటో తారీకు, బడికి వెళ్తుంది. పీడా పోతుంది. తను ఒట్టు తప్పిన సంగతి ఎవరికీ తెలియదు. ఇంత తేలిగ్గా అయిపోయేదానికి మూడు వారాలు ఏడిపించానేమిటని తనని తనే తిట్టుకున్నాడు కూడా.

అనుకున్నట్టే ఆదివారం పొద్దున పది గంటలకి అక్క కేక వేసింది.

“ఒరేయ్, వచ్చిందిరా.”

బాబాయ్ గరిటె పక్కన పడేసి పరిగెత్తాడు. పెట్టెలన్నీ గుర్తుల మీద నిలబడి ఉన్నాయి. అక్క కళ్ళు మెరుస్తున్నాయి. ఆర్నెల్లలో ఆ మొహం అలా చూడలేదు. ఒక్క క్షణం ఆయనకి అన్నీ సర్దుకుపోయాయనిపించింది. అంతలో అక్క తెర పైకి చూసింది. నోటుబుక్కు తిరగేసింది. మళ్ళీ తెర చూసింది.

“ఇదేంట్రా, పంతొమ్మిది ఉంది. నిన్నటిదాకా పద్దెనిమిదే కదూ?”

ఒక్క ‘అవును’ చాలు. అవునక్కా, పద్దెనిమిదే, నేనే తగ్గించాను, నువ్వు చెప్పిందే రైటు. అంతే. అది అనడానికి నోరు తెరిచాడు. పలక పట్టుకుని ఏడ్చిన రోజున అక్క పెట్టించుకున్న ఒట్టు గుర్తొచ్చి, ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక, నోట్లోంచి ఇంకోటి ఊడిపడింది.

“మొదటినుంచీ పంతొమ్మిదేగా అక్కా.”

అక్క నోటుబుక్కులో పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. నలభై ఏడు ఆటలు. నలభై ఏడు చోట్ల, గుండ్రటి లెక్కల టీచరు దస్తూరీలో, పద్దెనిమిది.

“నలభై ఏడుసార్లు అంకె తప్పు చదివి, తోపులు కూడా తప్పు లెక్కపెట్టానన్నమాట.”

“గెలిచావుగా, ఇంకా ఎందుకవన్నీ?”

“గెలవడం ఒక ఎత్తు, ఎదురుగా ఉన్న అంకె కనబడకపోవడం ఒక ఎత్తురా. పిల్లల పేపర్లు ఇలాగే దిద్దుతాను రేపు.” పుస్తకం మూసింది. “పెద్ద కవరు ఒకటి ఇలా ఇవ్వు.”

బాబాయ్ కవరు తెచ్చి ఇచ్చాడు. అవును, ఇచ్చాడు. మధ్యాహ్నమంతా పక్క గదిలో పేపరు అడ్డం పెట్టుకుని, అవతల కలం కదలడం వింటూ కూర్చున్నాడు. అది మూలకి చేరిన పెట్టె అని ఆయనకి తెలుసు.

సోమవారం పొద్దున చెప్పులు వేసుకుంటుంటే అక్క రాజీనామా కవరు అందించింది, ఆఫీసుకి వెళ్తూ హెడ్‌మిస్ట్రెస్‌కి ఇవ్వమని. అప్పుడు ఆగలేకపోయాడు. గుమ్మంలోనే చతికిలబడి మొత్తం చెప్పేశాడు. మేనేజరు, ఇరవై రెండు, పద్దెనిమిది, భోజనం వేళ మార్చిన అంకె, అన్నీ. చెప్తూ చెప్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అక్క కిందికి వంగి, సుద్దముక్క జారిపోయిన ఆ చేత్తోనే, వాడి జుట్టు సర్దింది.

“నా కోసం ఎంత కథ అల్లావురా.”

“కథ కాదక్కా, నీ మీదొట్టు. ఆఫీసుకి రా, చూపిస్తాను.”

“చూపిస్తావు. నా కోసం రాత్రికి రాత్రి కాగితాలు పుట్టించి అయినా చూపిస్తావు, నాకు తెలీదా? నా బుర్ర పోయిందంటే నమ్ముతాను. నువ్వు జవాబు లేని లెక్క ఇచ్చావంటే మాత్రం నమ్మను. ఆఫీసుకి టైమవుతోంది, లే.”

లేచాడు. దారిలో బడి దగ్గర ఆగి కవరు ఇచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ చదివి, ఇంత మంచి లెక్కల టీచరు మళ్ళీ దొరకదండీ అంది. ఆయన తల ఊపాడు.

ఆఫీసులో మెట్లెక్కేసరికి మేనేజరు ఎదురొచ్చాడు.

“అంకుల్, నూట పన్నెండు పంతొమ్మిది ఎలా అయింది? పొరపాటున పడిందా?”

“అవును బాబూ. లెక్క తప్పాను.”

కూర్చుని పంతొమ్మిది కొట్టేసి పద్దెనిమిది వేశాడు.