పులి ఊరి నుంచి పిల్లి ఊరికి

మొన్న మంగళవారం పొద్దున్న భిలాయి వైశాలి నగర్ నుంచి ఫోన్ వచ్చింది. చిన్నప్పటి మా పక్కింటి పిన్ని ఇక లేదు. పెద్దగా బాధ పడకుండానే వెళ్లిపోయిందని ఆవిడ కోడలు చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఏడుపు రావాలి. కాని నాకు గుర్తొచ్చిందల్లా డెబ్బైల్లో ఒక పొద్దుట పిన్ని మొహంలో వెలిగిన సంబరం. అది మీకు చెప్పకుండా ఉండలేను.

పిన్ని మాకు చుట్టం కాదు. భిలాయి సెక్టర్ 2లో మా రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ. బాబాయి స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్. పిన్నిది బొబ్బిలి, చదివింది ఐదో తరగతి. భ ఆవిడ నోట పలికేది కాదు. ఊరిని ‘బిలాయి’ అనేది. నేను అక్కడే పుట్టి ఆరో తరగతికి వచ్చినదాన్ని. నాకు హిందీ గలగలా వచ్చు, తెలుగు తడబడేది. ఆ వేసవిలో మా సొంతూరు విజయనగరంలో నా తెలుగు విని పిల్లలంతా నవ్వారు. అప్పటినుంచి బయటివాళ్ల ముందు తెలుగులో నోరు విప్పడం మానేశాను. పిన్నితో మాత్రం మాట్లాడేదాన్ని. ఆవిడకు హిందీ చెప్పిపెట్టేది నేనే మరి.

ఆ పొద్దుట కూరగాయలమ్మే ఆవిడ మా గుమ్మం ముందు గంప దించింది. బిలాయిలో టమాటాలు బాగోవని పిన్ని తనకొచ్చిన హిందీలో అంది. ఆవిడ తక్కెడ కింద పెట్టి మరీ నవ్వింది.

“ఏటే, ఎందుకలా నవ్వుతాది?”

“వాళ్ల ఛత్తీస్‌గఢీ భాషలో బిలాయి అంటే పిల్లి, పిన్నీ. పిల్లిలో టమాటాలు బాగోవన్నావు నువ్వు.”

పిన్ని చిన్నబుచ్చుకుంటుందని భయపడ్డాను. ఆవిడేమో వీధంతా వినబడేలా అంది. “ఓలమ్మా, మా బొబ్బిలంటే పులి కాదేటి. బెబ్బులే బొబ్బిలయిందని మా తాత చెప్పీవోడు. అంటే పులి ఊళ్లో పుట్టి పిల్లి ఊళ్లో కాపురం చేస్తన్నాను. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేటే?”

అది నేను హిందీలో చెప్పేసరికి కూరగాయలావిడ గోడ పట్టుకుని నవ్వింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని టీ తాగారు.

ఇక మాకు కుదురు లేదు. కనబడినవాళ్లనల్లా అడగడమే. ఇక్కడ ఒకప్పుడు భిల్లులు ఉండేవారంటారు, ఖాయంగా తెలియదు అన్నారు మా హిందీ టీచరు. ఎదురింటి పంజాబీ ఆంటీ, ‘భలాయీ’ అనుకోండి, మంచి అని అర్థం, సరిపోతుంది కదా అంది. పక్కనున్న దుర్గ్ ఊరి పేరుకు కోట అని అర్థమని తెలిసి, ఆ కోట ఎక్కడుందో చూపించమని పిన్ని బాబాయిని వారం రోజులు వేధించింది. రాయ్‌పూర్ దారిలో ఉన్న కుమ్హారి అంటే కుమ్మరుల ఊరని చెప్పగానే ఆదివారం నన్ను బస్సెక్కించింది. నిజంగానే ఒక ముసలాయన సారె తిప్పుతూ కనిపించాడు. “చూసేవా, పేరు అబద్ధమాడలేదు” అని పిన్ని చప్పట్లు కొట్టింది. మరి భిలాయి మాటేమిటని ఆయన్ను అడిగించింది. తెలియదన్నాడు. దానికీ సంతోషించింది. “తెలీదని చెప్పడానికి నోరు రానోడికి తెలుసుకోడానికి చెవి రాదే” అంది తిరుగు బస్సులో.

ఆ చలికాలం సెక్టర్‌లో ఆడవాళ్ల సభ పెట్టారు. ‘మన ఊరు’ గురించి మాట్లాడాలి. పిన్ని పేరిచ్చేసింది.

“పెద్దాఫీసర్ల ఆడవాళ్లొస్తారు. నీకు భ పలకదు. నవ్వుతారే” అన్నాడు బాబాయి.

“నవ్వనీ. నవ్వే సంగతే కదా చెప్తన్నాను.”

హిందీ మాటలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. పప్పు ఎనుపుతూ బట్టీ పట్టింది. సభకు కూరగాయలావిడను వెంటపెట్టుకొచ్చి ముందు వరుసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఏర్పాట్లు చూస్తున్నావిడ వచ్చి, ఈమెను వెనక్కి పంపండి, ముందు కుర్చీలు వేరేవాళ్లకి అంది.

పిన్ని లేచింది. “ఈ ఊరి పేరు నాకు నేర్పింది ఈవిడే. ఈవిడ వెనక్కెళితే నేనూ వెనక్కే. చెప్పవే ఆవిడికి.”

 మాట పొల్లు పోకుండా హిందీలో చెప్పాను. ఆవిడ మమ్మల్ని ముగ్గురినీ చూసి, మరో కుర్చీ తెప్పించి ఆ వరుసలోనే వేయించింది.

వేదిక మీద పిన్ని ‘బిలాయి’ అనగానే హాలంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా నిలబడి, పులి సంగతీ పిల్లి సంగతీ మొదలుపెట్టింది. సగంలో హిందీ మరిచిపోయింది. “ఇటు రాయే, నేను చెప్తాను, నువ్వు వాళ్లకి చెప్పు” అని నన్ను పిలిచింది. ఆవిడ తెలుగులో, నేను హిందీలో. చివర వెనకనుంచి ఒక తెలుగావిడ లేచి, బొబ్బిలిలో ఏ వీధమ్మా మీది అని అడిగింది. పిన్ని నా వైపు చూసి నువ్వే చెప్పమంది. చెప్పాను, తెలుగులో, అంతమంది ముందు. ఎవరూ నవ్వలేదు. ఇంకెవరైనా ఏదైనా అడిగితే బాగుండునని చూశాను. ఆ నాలుగు మాటల బలంతోనే ఇవాళ తెలుగులో రాస్తున్నాను.

ఎనభైల్లో ఒక వేసవిలో రెండిళ్లవాళ్లం కలిసి రైల్లో విజయనగరం బయలుదేరాం. టిట్లాగఢ్ దాటాక ఏదో చిన్న స్టేషన్లో రైలు ఆగింది. పిన్ని కిటికీలోంచి పచ్చజెండా పట్టుకున్నాయన్ను పిలిచి, మీ ఊరి పేరుకు అర్థం ఏమిటని అడిగింది. ఆయన ఆలోచనలో పడ్డాడు. ఇంతలో రైలు కదిలింది. ఏదో గుర్తొచ్చినట్టు నవ్వి, బండి వెంట నడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. చక్రాల చప్పుడులో ఒక్క ముక్కా వినబడలేదు. పిన్ని ఊచలకు చెంప ఆనించి, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని, ప్లాట్‌ఫారం అయిపోయేదాకా తలాడిస్తూ వింటూనే ఉంది.