మాట మధ్యలో అందుకోకండి

మొన్న వికారాబాద్ బజారులో ఒక కిరాణా కొట్టు ముందు నిలబడి ఉండగా కొట్టతను ఎవరికో వసకొమ్ము తీసి ఇచ్చాడు. డబ్బా మూత తీయగానే వచ్చిన ఆ ఘాటు వాసనకు నా నాలుక ముడుచుకుపోయింది. డెబ్బైకి దగ్గరపడినదాన్ని, ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, కొన్న సరుకులు అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. చిన్నప్పుడు నాకు నత్తి. మాట రావాలని మావాళ్లు ఆ కొమ్మును తేనెలో అరగదీసి ఏడాది పొడుగునా రోజూ పొద్దున్నే నా నాలుకకు రాశారు. దాంతో ఏమీ కాకపోయేసరికి, ఎవరో చెప్పారని నోట్లో గులకరాళ్లు పెట్టి మాట్లాడించారు. బొంరాస్‌పేట దగ్గర గొర్లు కాచుకునే మా తాత ఒక్కడే, పిల్లను దాని మానాన దాన్ని వదిలేయమన్నాడు. ఆయన మాట ఎవరూ లెక్కచేయలేదు.

మా నాయన తాండూరులో పప్పు మిల్లు హమాలీ. అక్కడి బడిలో నా కష్టం ఇంకా పెరిగింది. నా పేరు బాలమణి. ఎవరైనా పేరు అడిగితే ‘బ’ దగ్గరే ఆగిపోయేదాన్ని. పెదవులు అతుక్కుపోయేవి, మెడ నరాలు బిగుసుకునేవి, ఊపిరి ఆడక కళ్లలో నీళ్లు తిరిగేవి. లెక్కల సారు ఒకాయన నేను పూర్తిగా పేరు చెప్పేదాకా బెంచీ మీద నిలబెట్టేవాడు. ఒక్కోసారి గంట కొట్టేదాకా అలాగే ఉండేదాన్ని. ఆయన చెడ్డవాడేం కాదని తరువాత చాలామంది నాతో అన్నారు. తల్లిదండ్రులు అప్పజెప్పిన పిల్లను నలభై మంది ముందు అలా నిలబెట్టి నవ్వించడానికి చెడ్డవాడు కానక్కర్లేదన్న సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. అందరూ చదువు పోయిందని ఏడిస్తే నాకు మాత్రం పండగలా ఉండేది. మా గల్లీ చివరింట్లో జుబేదా టీచర్ ఉండేవారు. వేరే బడిలో తెలుగు చెప్పేవారు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టి తెలుగు పంతులమ్మ అయ్యారని ఇటువాళ్లూ అటువాళ్లూ కూడా ఆమెను కాస్త వింతగానే చూసేవారు. పెళ్లి చేసుకోలేదు. కళ్లు కనిపించని తల్లితో ఉండేవారు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, తన తల్లికి రోజూ పేపరు చదివి వినిపించడానికి నన్ను పంపమని అడిగారు. మా అమ్మ నా ముందే, అది నత్తిది గదా టీచరమ్మా అంది. “అమ్మీకి తొందరేం లేదు” అన్నారు టీచర్.

నిజంగానే ఆ అవ్వకు తొందర లేదు. చాటలో కందికాయలో పల్లికాయలో పోసుకుని ఒలుచుకుంటూ కూర్చునేది. నేను ఒక్కో మాట దగ్గర కొట్టుకుంటుంటే ఆమె చేతులు ఒలుస్తూనే ఉండేవి. నా ముఖం ఆమెకు కనిపించదు. నన్ను చూసి జాలిపడే కళ్లు గానీ, నవ్వు ఆపుకునే పెదవులు గానీ ఎదురుగా లేవు. నన్ను ఇన్నాళ్లూ సగం చంపింది ఎదుటివాళ్ల ముఖాలేనని నాకు అక్కడే తెలిసింది. రెండు నెలలు టీచర్ ఏమీ అనలేదు. తరువాత ఒక సాయంత్రం వంటింట్లోంచి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

“నువ్వు మాటను తోస్తున్నవ్ బిడ్డా. తోసినకొద్ది అది మొండికేస్తది. జర ఇడిసిపెట్టు. రాకుంటే రాకపాయె, ఆగు. మళ్ల అందుకో.”

అలాగని ఆమె మెత్తని మనిషి కాదు. ఒక్కరోజు వెళ్లకపోతే మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడేవారు. జలుబు చేసినా, ఇంట్లో చుట్టాలున్నా, పేజీ చదవాల్సిందే. నేను మాత్రం ఆగిపోయిన ప్రతి మాట పక్కనా పెన్సిలుతో గీత పెట్టుకునేదాన్ని, రోజురోజుకూ గీతలు తగ్గుతాయని. అది చూసి ఆమె పెన్సిలు లాక్కున్నారు. చదవడం నా పని అనీ, నత్తి పోతుందా పోదా అన్నది నా పని కాదనీ చెప్పారు. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. మూడేళ్లు చదివాక, ఇది ఎప్పుడు పోతుందని అడిగాను. పోకపోవచ్చు అన్నారు, అన్నం వారుస్తూ, తల కూడా తిప్పకుండా. నాకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్ల చాకిరీకి ఇదా జవాబు? వారం రోజులు ఆ గడప తొక్కలేదు. ఈసారి ఆమె కూడా మా గుమ్మం ముందుకు రాలేదు. ఎనిమిదో రోజు నేనే వెళ్లాను. వారం పేపర్లూ మడత విప్పకుండా అవ్వ పక్కన పేర్చి ఉన్నాయి. పాతదాని నుంచి మొదలుపెట్టమంది అవ్వ.

డెబ్బైల నడుమ, పంతులమ్మల ట్రైనింగ్ సీటు కోసం వికారాబాద్‌లో ఒక ఆఫీసుకు ఇంటర్వ్యూకు వెళ్లాను. బల్ల వెనుక ముగ్గురు మగవాళ్లు. పేరు అడిగారు. నేను తోయకుండా, నిదానంగా మొదలుపెట్టాను. నడుమ కూర్చున్నాయన కాగితం చూసి, “బాలమణి, అంతే కదా” అని నవ్వాడు. ఆ తరువాత ప్రతి జవాబూ ఆయనే అందుకున్నాడు. నేను అనబోయేది ఒకటి, ఆయన పూర్తిచేసింది మరొకటి. నాలుగోసారికి నేను తలెత్తి, “సార్, మాట మధ్యలో అందుకోకండి. నేను చెప్తాను” అన్నాను. ఆ రెండు ముక్కలకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు గానీ పూర్తిగా నేనే అన్నాను. ఆయన ఫైలు మూసి, రేపు పిల్లలకు కూడా నత్తి నేర్పుతావా అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. లిస్టులో నా పేరు రాలేదు.

తాండూరు వచ్చి టీచర్‌తో, మీరు చెప్పినట్టే వదిలేశాను అన్నాను. నాకు బుద్ధి వచ్చిందని మెచ్చుకుంటారనుకున్నాను. ఆమె కోస్తున్న ఉల్లిగడ్డ పక్కన పెట్టారు. ఆమెకు కోపం రావడం నేను చూడటం అదే మొదటిసారి.

“నేను ఇడిసిపెట్టుమన్నది నత్తిని. సీటును ఇడిసిపెట్టుమన్ననా?”

మర్నాడే ఇద్దరం రైల్లో వికారాబాద్ వెళ్లాం. నత్తి ఉన్నవాళ్లకు సీటు ఇవ్వకూడదని ఏ రూల్లో ఉందో రాసివ్వమని ఆమె అడిగారు. రేపు రమ్మన్నారు. వెళ్లాం. సారు లేరన్నారు. మళ్లీ వెళ్లాం. సెలవు పెట్టిన ప్రతిసారీ ఆమె బడిలో హెడ్మాస్టరు గొణిగేవాడు. ఆరోసారి వరండా బెంచీ మీద మమ్మల్ని చూసిన ఒక పెద్దాఫీసరు కాగితాలు తెప్పించుకున్నాడు. అలాంటి రూలే లేదు. మరుసటి ఏడు నాకు సీటు ఇచ్చారు. ఆ కాగితం మీద సంతకం పెట్టింది ఆ రోజు నడుమ కూర్చున్నాయనే. తల ఎత్తకుండానే పెట్టాడు.

ఆ వేసవిలోనే జుబేదా టీచర్‌కు బదిలీ ఆర్డరు వచ్చింది, పరిగి దాటి లోపల ఎక్కడో ఒక ఊరికి. రెండు బస్సులు మారాలి, ఆపైన నడవాలి. కళ్లు లేని తల్లిని వెంటబెట్టుకుని వెళ్లాలి. ఎందుకు వచ్చిందో తాండూరులో అందరికీ తెలుసు, పైకి అన్నవాళ్లు లేరు. నేను అర్జీ రాసుకుని వెళ్లాను. మళ్లీ ఆ బెంచీ మీద కూర్చుందాం అన్నాను. ఆమె ఆ కాగితం మడిచి నా చేతికే ఇచ్చారు. “అమ్మీ బస్సెక్కి దిగితే సాలు, గదే నా ఫికర్. పిల్లలు ఆడ గూడ ఉంటరు.” అది గొప్పతనమని చాలామంది అన్నారు. నాకు మాత్రం ఆమె అలసిపోయారనిపించింది. రెండో వానాకాలంలో వాగు పొంగి ఆ ఊరికి బస్సు ఆగిపోయింది, డాక్టరు రాలేకపోయాడు, అవ్వ పోయింది.

ఎనభైల మొదట్లో ఆ ఊరికి వెళ్లి ఆమెను చూశాను. అప్పటికి నేనూ పంతులమ్మను. ఇంతకాలం దాచుకున్నదంతా కక్కేశాను. ఎందుకు కొట్లాడలేదు, నా కోసం కొట్లాడినదానివి నీకోసం ఎందుకు ఊరుకున్నావు, అవ్వ చావుకు ఎవరు జవాబు చెప్తారు. కోపంలో నత్తి నన్ను ఏ మాటా తిన్నగా అననివ్వలేదు. మధ్యాహ్నం ఎండ వాకిలి దాటిపోయేదాకా అన్నాను. ఆమె ఒక్క మాట కూడా అందుకోలేదు, ఒక్కసారి కూడా కళ్లు పక్కకు తిప్పలేదు. అంతా అయ్యాక, తనకు కొట్లాట అంటే మొదటి నుంచీ భయమేననీ, అప్పుడు నా కోసం కాబట్టే తనకు చేతనైందనీ చెప్పి చాయ్ పెట్టడానికి లేచారు. అదే ఆఖరు చూపు.

నా క్లాసులో ఏ పిల్ల మాట తడబడినా నేను ఆగేదాన్ని, క్లాసు అంతటినీ ఆపేదాన్ని. పాఠాలు వెనకబడుతున్నాయని ఒకసారి మెమో కూడా ఇచ్చారు. తీసుకున్నాను. నత్తి నాకు ఇంకా ఉంది, దాని గురించి ఆలోచించడం మానేసి చాలా కాలమైంది. బల్ల వెనుక కూర్చున్న ఆ ముగ్గురి మీదా, ఆ బదిలీ రాసిన చేతి మీదా కోపం మాత్రం పోలేదు. ఈ వయసులో ఇంకా ఎందుకని మా వాళ్లు అంటుంటారు. నాలుకకు ఏం రాసుకోవాలో, దేన్ని పట్టుకోవాలో, దేన్ని విడవాలో నాకు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. టీచర్ ఒక్కరే నా కోపాన్ని చివరిదాకా విని, దాన్ని విడిచిపెట్టమని చెప్పలేదు.