గుర్రం కాంట్రాక్టు, నా జ్వరం

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. మనిషి విలువ పనికి వచ్చినప్పుడు కాదు, రానప్పుడే తెలుస్తుందని. ఈ జ్ఞానం నాకు షార్జాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసులో అబ్బింది. అక్కడ నేను టైపిస్టుని. లేబర్ కార్డులో మాత్రం 'హెల్పర్' అని ఉండేది. తెనాలిలో కుదరబోతున్న నా సంబంధం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. పిల్ల తండ్రి కార్డు కాపీ పంపమన్నాడు. (ఫోటోలో ఆ పిల్ల నవ్వు చూశాక వెనక్కి తగ్గడం నా వల్ల కాలేదు.) కార్డు మార్పించమని ముదీర్‌ని, అంటే మా మేనేజరుని, ఎప్పుడడిగినా "బుక్రా, ఇన్షా అల్లా" అనేవాడు. ఆ 'రేపు' మూడు నెలలైనా రాలేదు.

ఆ వేసవిలో ఆటగాళ్ల శిక్షణ శిబిరం మొదలైంది. మొదటి రోజే మా ఫార్వర్డు, మేం 'గుర్రం' అని పిలుచుకునే ఆరడుగుల విదేశీయుడు, ప్రాక్టీసు మానేశాడు. అతన్ని చూసి గోల్‌కీపరూ మానేశాడు. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తేనే బూట్లు తొడుగుతామన్నారు. చూడాలి ముదీర్ అవస్థ! ఖర్జూరాల డబ్బా పట్టుకుని వాళ్ల ఫ్లాటు చుట్టూ తిరిగి తిరిగి, నాలుగో రోజుకు సరేనన్నాడు.

ఇంకేం, నాకు దారి దొరికింది. నాకా ఉద్యోగం ఇప్పించినవాడూ, క్లబ్బు స్టోరు చూసేవాడూ మా బాబాయే. "రేపట్నుంచి నేనూ రాను. కార్డు మార్చేదాకా ఇంతేనని ముదీర్‌తో చెప్పు" అన్నాను.

"ఒరేయ్, ఆ గుర్రం గోల్స్ కొడతాడు. నువ్వేం కొడతావురా?"

"టైపు!" అన్నాను తల ఎగరేసి.

దుబాయ్‌లో నైఫ్ పేటలోని మా గదిలో రెండు రోజులు దర్జాగా పడుకున్నాను. ఖర్జూరాలొస్తే గదిలోవాళ్లకు ఎలా పంచాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఖర్జూరాలూ రాలేదు, ఫోనూ రాలేదు. మూడో రోజు పొద్దున ముదీరే ఫోను చేశాడు.

"యల్లా, జల్దీ ఆవో! బుఖార్ ఖలాస్?"

జ్వరం తగ్గిందా అట! బాబాయి నా సమ్మెను జ్వరం చేసేశాడు. సిద్ధం చేసుకున్న ఉపన్యాసం మింగేసి, ఓసారి దగ్గి, "ఖలాస్ సార్" అన్నాను.

వెళ్లేసరికి ఆఫీసు అట్టుడుకుతోంది. నా బదులు బాబాయి టైపు చేసిన కాంట్రాక్టులో ఒక ఏడాది కాస్తా పదకొండేళ్లయింది. ఒకటి పక్కన ఇంకో ఒకటి పడింది. గుర్రం ఇప్పుడే సంతకం పెడతానని కలం పట్టుకుని కూర్చున్నాడు! నేను గబగబా సరిచేసి కొట్టిచ్చాక ముదీర్ చెమట తుడుచుకున్నాడు. బాబాయి అమాయకంగా, "ఇత్నా కామ్ కర్తా హై సార్, కార్డ్ మే హెల్పర్ హై" అన్నాడు, ఇంత పని చేసేవాడు కార్డులో హెల్పరేనని.

"ఖలాస్! ఇస్‌కా లెటర్ భీ బనావో!" అన్నాడు ముదీర్.

కార్డులో టైపిస్టుగా మార్చమనే నా ఉత్తరం నేనే టైపు కొట్టుకుని, గెలిచినవాడిలా ఛాతీ విరుచుకుని బయటికొచ్చాను. పదకొండు ఎలా పడిందని అడిగితే బాబాయి, "వయసురా, కళ్లు ఆనట్లేదు" అన్నాడు. స్టోరులో ఏ జెర్సీ ఏ అరలో ఉందో చూడకుండా చెప్పే మనిషి! నేను నిజంగానే నమ్మాను. తెనాలి పిల్లతో పెళ్లయి, నాకు నలభై అయిదు దాటాక ఈ మధ్యే లెక్కేసుకున్నాను. ఆనాటికి బాబాయికి నలభై కూడా నిండలేదు.