అలిగిన బావ, చల్లారిన ఇంజను

పర్సుడీహ్ తెలుగు బస్తీలో పైడిబాబు పళ్ళు కొరికితే షిఫ్టు సైరన్ మోగిందనుకుని జనం టిఫిన్ డబ్బాలు సర్దుకుంటారు. ఆ కోపానికి సగం కారణం లోకం. మిగతా సగం ఆయన అక్క ధనమ్మ మొగుడు బంగారురాజు.

పైడిబాబు పాతికేళ్ళుగా ట్రాక్టరు డ్రైవరు. ఇటుకలు, ఇసుక, పెళ్ళి సామాను తోలాడు. ఒకసారి గున్న ఏనుగుని కూడా తోలానంటాడు, చెప్పినప్పుడల్లా ఆ ఏనుగు జానెడు పెరుగుతుంది. ఎన్ని తోలినా బండి మాత్రం పరాయివాడిదే. ఇప్పుడు ఆదిత్యపూర్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల సెక్రటరీ ఒక మాటన్నాడు. ఎండలు ముదిరేలోగా సొంత ట్రాక్టరుతో వస్తే వేసవంతా నీళ్ళ ట్యాంకరు లాగే పని పైడిబాబుదే, లేదంటే వేరేవాడిది. కొత్తది కొనే తాహతు లేదు. పాతదే వెతకాలి.

పాత బండి చూడ్డంలో పైడిబాబుకి ఒకటే మంత్రం. ముందు ఇంజను మీద చెయ్యి వెయ్యాలి. చల్లగా ఉండాలి. రాత్రంతా పడుకున్న ఇంజను పొద్దున్న ఎలా లేస్తుందో చూస్తేనే దాని అసలు ఆరోగ్యం బయటపడుతుంది. ఎంత అరిగిపోయిందైనా ఒకసారి కాగిందంటే పెళ్ళిచూపుల్లో కుర్రాడిలా బుద్ధిగా పలుకుతుంది. కాబట్టి వేడి ఇంజను చూపించేవాడు ఏదో దాస్తున్నట్టే లెక్క.

మొదటి బండి దగ్గరకెళ్తే ఇంజను కాలుతోంది. అమ్మేవాణ్ణి దొంగ అని వచ్చేశాడు. రెండోదీ అంతే. ఆ యజమానిని దొంగలకి గురువు అని వచ్చేశాడు. లోకమంతా తనొక్కణ్ణే మోసం చెయ్యడానికి తెల్లవారకముందే లేచి ఇంజన్లు మరగబెడుతోందని ఆయనకి రూఢి అయిపోయింది.

రెండుసార్లూ బంగారురాజు పక్కనే ఉన్నాడు. ఉండక తప్పదు. ఆ ఇంట్లో కుక్కరు కొనాలన్నా పెద్దల్లుడికి చూపించాలి, లేకపోతే ధనమ్మ తమ్ముడితో మాట మానేస్తుంది. బంగారురాజు కార్ఖానాలో క్రేన్ల మెయింటెనెన్స్ చేసి రిటైరైన మనిషి. బోల్టు చూసి దాని జాతకం చెప్పగలనంటాడు.

మూడో బండి ఆదిత్యపూర్ దాటాక మహతో అనే రైతు షెడ్డులో ఉంది. నీడపట్టున, నాగలి తగిలించి, ముచ్చటగా ఉంది. పైడిబాబు బోనెట్ ఎత్తి చెయ్యి పెట్టి, చురుక్కుమని తీసేశాడు.

"ఇదీ కాలిపోతంది! క్యోఁ మహతోజీ, హమ్‌కో ఉల్లూ సమ్‌ఝా?" నన్ను వెర్రివాణ్ణనుకున్నావా అని ఎగిరాడు.

మహతోకి నిజంగానే కోపం వచ్చింది. "అరే, ఆప్ హీ లోగ్ తో ఫోన్ కియే థే! బోలే, గరమ్ కర్‌కే రఖ్‌నా!"

మీరే కదా ఫోన్ చేసి వేడి చేసి ఉంచమన్నారు అంటున్నాడు. ఎవరు చేశారో అడిగే పని లేకపోయింది. బంగారురాజు సన్మానం జరుగుతున్నట్టు తలాడిస్తున్నాడు.

"నానే సేసినాన్రా. మా ప్లాంటులో పెద్ద సాబు ట్రయల్ సూడ్డానికి వత్తన్నాడంటే గంట ముందే మెషీను వేడి సేసి ఉంచాల. సల్ల మెషీను సూపిత్తే షిఫ్టు మొత్తానికి మెమో. మనం వత్తన్నామంటే ఆ మాత్రం మర్యాద ఉండొద్దేటి?"

"అయితే ముందు రెండిటికీ..."

"మరి? ఆళ్ళకీ నానే సెప్పినాను."

 దొంగ అన్నవాడి బండి మర్నాడే అమ్ముడుపోయింది. గురువు అన్నవాడు ఇంక ఫోనే ఎత్తడు. ఎండలు చూస్తే నెత్తి మీదికొచ్చాయి.

"బావా! నువ్వు బావవి కాదు, నా నెత్తినెక్కిన శనివి!"

 బంగారురాజు చొక్కా సర్దుకున్నాడు. మెల్లగా ట్రాక్టరెక్కి, సీటులో కూర్చుని, చేతులు కట్టుకుని గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

"పెద్దల్లుణ్ణి పట్టుకుని పరాయోడి ముంగట శనంటావా. నాను దిగను."

 ఈ మనిషి పెళ్ళిలో అలకపాన్పు మీద కూర్చున్నప్పుడు మామగారు గడియారం ఇచ్చి, సైకిలిచ్చి, చివరికి ఎండలో తను పట్టుకున్న గొడుగు కూడా చేతిలో పెడితేగానీ లేవలేదు. పైడిబాబు అక్కకి ఫోన్ చేశాడు.

"మా నాన్న వల్లే అవనేదు, నీ వల్లవుద్దేటి?" అంది ధనమ్మ. "ఏళకి తిండి పెట్టు. సుగరున్న మనిషి."

మహతో టీ తెచ్చాడు. రొట్టెలు, ఆలుగడ్డ కూర తెచ్చాడు. బంగారురాజు మొహం తిప్పకుండానే అన్నీ తిన్నాడు. బండి నడిపి చూపిద్దామంటే సీటు ఖాళీ లేదు. మహతో పొలానికి పోయి వచ్చి, ఇంకా అక్కడే ఉన్న మనిషిని చూసి మళ్ళీ పోయాడు. పొద్దు వాలింది.

ఉన్నచోట ఉండలేక పైడిబాబు మిగతావి చూశాడు. ఆయిల్ పుల్ల తీశాడు, నీళ్ళు కలిసి పాలరంగు తిరగలేదు. ముందు చక్రం ఊపాడు, గలగల లేదు. ఛాసిస్ మీది నంబరు ఆర్‌సీతో సరిపోయింది. బ్యాంకు అప్పు తీరినట్టు కాగితం కూడా ఉంది.

"కాలు తియ్యి బావా, క్లచ్ సూడాల."

"తియ్యను."

ఆ కాలి కిందనుంచే క్లచ్ నొక్కాడు, తిట్టుకుంటూ. నడుం పట్టేసి, లేవడానికి ఆసరాగా ఇంజను మీద చెయ్యి ఆనించాడు. అలాగే నిలబడిపోయాడు.

చల్లగా ఉంది. కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.

మహతోని కేకేసి, బావ పొట్ట మీదుగా వంగి తాళం తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. సైలెన్సరు తెల్లగా ఒక్కసారి ఊది, ఆ తర్వాత కనీకనపడని పొగ వదిలింది. ఆయిల్ మూత తీస్తే లోపలినుంచి బుసబుసలు లేవు. నాగలి పైకెత్తి ఇంజను ఆపాడు. బీడీ కాల్చినంతసేపు చూసినా నాగలి వేలెడు కూడా దిగలేదు, ఎత్తే యంత్రంలో లీకు లేనట్టే. ఇంక గేర్లు, బ్రేకులు. దానికి సీటు కావాలి.

"బావా. తప్పయిపోనాది."

"గట్టిగా అను. ఆయనకీ ఇనబడాల."

"ఆయనకి తెలుగు రాదు కదా!"

"అయితే హిందీలో సెప్పు."

పైడిబాబు కళ్ళు మూసుకున్నాడు. "మహతోజీ, మేరే జీజాజీ శని నహీఁ హైఁ."

మహతో గంభీరంగా ఆలోచించాడు. "ఠీక్ హై," అన్నాడు, పెద్దగా నమ్మకం కుదరనట్టు.

బంగారురాజు దిగాడు. పైడిబాబు ఎక్కి, షెడ్డు దాటించి, అన్ని గేర్లూ వేసి, పల్లంలో బ్రేకు తొక్కి చూసి వచ్చాడు. దిగి మహతో చేతిలో చెయ్యి వేసి బేరం ఖాయం చేశాడు.

"బండి నా సెలక్షనే అని మీ అక్కకి సెప్తాను," అన్నాడు బంగారురాజు.

పైడిబాబు నోరు తెరిచాడు. తనదైన బండిని ఒకసారి చూసుకున్నాడు.

"సెప్పు బావా."