మధ్యాహ్నం గీసిన గుండె

ఆసుపత్రిలో అందరూ ఆమెను గీతలక్క అంటారు. పిల్లల గుండెల మీద గీతలు గీయడం ఆమె ఉద్యోగం. స్కానింగ్‌లో తీసిన గుండె బొమ్మ తెర మీద కొట్టుకుంటూ ఉంటుంది. అది విచ్చుకున్నప్పుడు ఒకసారి, ముడుచుకున్నప్పుడు ఒకసారి ఆపి, లోపలి గోడ వెంబడి మౌస్‌తో గీత లాగాలి. రెండు గీతల తేడాను బట్టి గుండె బలం ఎంతో అంకె వస్తుంది. కేన్సర్ మందు పిల్లల గుండెను ఎంత దెబ్బతీస్తోందో తేల్చే పరిశోధన అది. అంకె యాభైకి తగ్గితే ఆ బిడ్డకు మందు ఆపేయాలి. రోజుకు నలభై బొమ్మలు. పదకొండేళ్లుగా ఇదే పని.

నాలుగు నెలలుగా ఆమె కుడి భుజం మాట వినడం లేదు. మధ్యాహ్నం దాటితే వేళ్లు మొద్దుబారతాయి. చెయ్యి పైకి లేవక, పొద్దున్నే కూతురే తల దువ్వుతోంది.

"కదలకుండా కూర్చో. లేకపోతే రెండు దెబ్బలు పడతాయి" అంటుంది ఆ పిల్ల, తల్లి గొంతును అచ్చంగా దించి.

ఆసుపత్రికి ఈ నొప్పి పట్టలేదని అనలేం. పై అంతస్తులో కంప్యూటర్ పనితో వచ్చే కండరాల నొప్పుల మీద మరో పరిశోధన నడుస్తోంది. నెల కిందట ఫారాలు పంచారు. నొప్పి ఉందా అన్న ప్రశ్నకు గీతలక్క "లేదు" అని టిక్కు పెట్టింది. ఫారం మీద పేరు రాయాలి. ఆమెది ఏటేటా పొడిగించే ఉద్యోగం. గదిలోని మిగతా అయిదుగురూ అదే పెట్టారు. ఆరుగురి సొరుగుల్లోనూ నొప్పి మాత్రలున్నాయి. పరిశోధన మాత్రం ఆ గదిలో అందరూ క్షేమమని రాసుకుంది.

మంగళవారం పొద్దున, పది గంటలకు, ఆమె ఒక గుండె కొలిచింది. నలభై ఎనిమిది. వెంటనే తెర మీద ఎర్ర పెట్టె వచ్చింది. కొలిచేవాళ్ల చెయ్యి నిలకడను పరీక్షించడానికి కంప్యూటర్ అప్పుడప్పుడూ పాత బొమ్మనే వివరాలు దాచి మళ్లీ ఇస్తుంది. ఇదీ అలాంటిదే. "మీ పాత కొలత: యాభై ఏడు. గురువారం, మూడు నలభై."

మళ్లీ గీసింది. నలభై ఏడు. ఇంకోసారి. నలభై ఎనిమిది.

గురువారం నాటి గీతలు తెరిచింది. విచ్చుకున్న గుండె గీత బాగానే ఉంది. ముడుచుకున్నదాని గీత మాత్రం గుండె కొన దాకా వెళ్లకుండా ముందే వెనక్కి తిరిగింది. ఆ మలుపు ఎక్కడిదో ఆమె భుజానికి తెలుసు. గీత పొట్టిదైతే గుండె బాగా ముడుచుకున్నట్టు, బలంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకో మూడు మధ్యాహ్నపు బొమ్మలు తెరిచింది. మూడింట్లోనూ అదే మలుపు.

ఎవరి గుండె ఇది? వివరాలు తెరిచింది. ఏడేళ్ల పాప. ఇవాళే మందు. పదిన్నరకు.

పక్క కుర్చీలోని కుర్రాడు కుడి మణికట్టు నొక్కుకుంటూ తొంగిచూశాడు. కళ్లజోడు మందం వల్ల అతని పేరు సోడాబుడ్డి. "కంగారెందుకక్కా? రెండిటికీ సగటు వేసి పంపెయ్. యాభై రెండున్నర. అందరం చేసేదేగా."

నిజమే. కొలతలు తేడా వస్తే సగటు వేయడం ఆ గదిలో మామూలే.

"పాపకేం కాదని నువ్వు సంతకం పెడతావా?"

"నేనా? నాకెందుకక్కా ఈ గొడవ!"

వార్డుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. లిఫ్టు పై అంతస్తులోనే ఉండిపోయింది. ఆమె మెట్ల దారి పట్టింది. రెండంతస్తులు దిగేసరికి పది ఇరవై ఎనిమిది.

మందు సంచి అప్పటికే కొక్కేనికి వేలాడుతోంది. నర్సు గొట్టం తగిలిస్తోంది.

"సిస్టర్, ఆపండి! గుండె నంబరు తప్పు. కొలిచింది నేనే."

నర్సు చెయ్యి ఆగింది. పాప తల్లి లేచి నిలబడింది. "తప్పంటే ఏంటమ్మా? పాపకేమైంది?"

"గుండె కొంచెం నీరసించిందమ్మా. మందు ఎక్కకముందే తెలిసింది."

నర్సు పిలిస్తే పరిశోధన నడిపే డాక్టరమ్మ వచ్చింది. కొత్త అంకెలు చూసి నొసలు ముడిచింది. "నీ చేతిలో ఇంత తేడానా? బొమ్మ సరిగా పడలేదేమో."

తప్పించుకోవడానికి దారి ఆవిడే చూపించింది. అవునంటే చాలు.

"బొమ్మ బాగానే ఉంది మేడమ్. చెయ్యే బాగోలేదు. నాలుగు నెలలుగా."

"మరి నొప్పుల ఫారంలో మీ గదివాళ్లంతా లేదనే రాశారటగా?"

"ఉందని రాస్తే నా కుర్చీ ఉండేదా మేడమ్?"

డాక్టరమ్మ నర్సు వైపు తిరిగింది. "సిస్టర్, సంచి దించండి" అంది. గీతలక్కతో, "అంటే నాలుగు నెలల మధ్యాహ్నాలూ మళ్లీ కొలవాలి."

"నావే కాదు మేడమ్. ఆరుగురివీ."

"ఇవాళ సూది లేదా?" అంటూ పాప తన తల్లి కొంగు లాగింది.

గీతలక్క తిన్నగా పై అంతస్తుకు వెళ్లి తన ఫారం అడిగింది.

"ఇచ్చింది మార్చకూడదండీ" అన్నాడు గుమాస్తా.

"అయితే కొత్తవి ఇవ్వండి. ఆరు."

తన ఫారంలో "ఉంది" దగ్గర టిక్కు పెట్టి, పేరు రాసి, గదిలో మిగతా అయిదు బల్లల మీదా ఒక్కోటి పెట్టింది. ఈ ఏడాది పొడిగింపు కాగితం ఆమెకింకా రాలేదు.

సోడాబుడ్డి తన ఫారం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత పెన్ను అందుకున్నాడు, ఎడంచేత్తో.